చిటికెన వేలు

హన్మకొండ, నయీంనగర్‌ల ఒక ఫంక్షన్ హాలు.
వేదిక మీద నిన్నటి పెళ్లి ఇంకా దిగిపోలే.
థర్మాకోల్ పేర్లల్ల ఒక అక్షరం ఊడి
పిలగాడు ఎవరో తెలుస్తలేదు.
కార్పెట్ మీది తలంబ్రాలు
అరికాళ్ళకు గుచ్చుకుంటున్నయి.
నలభై మందిమి, చెప్పులు బయట విడిచి,
ఒక్కొక్క కట్టె ముందర
మోకాళ్ళ మీద కూసున్నం.

రిటైరై ఎనిమిది నెలలు.
బస్టాండ్ కాడ కరపత్రం ఇచ్చిన్రు:
జపాను పాత ఆయుధ విద్య, రెండు దినాలు,
ఎనిమిది వందలు, భోజనంతోని.
ఇంట్ల కూసుంటే గోడ గడియారం
విజిల్ లెక్క వినొస్తుంటే వచ్చిన.

దాని పేరు బొక్కెన్ అని చెప్పంగనే
వెనక వరుసల పోరగాళ్ళు కిసకిస నవ్విన్రు.
నాకూ నవ్వొచ్చింది.
మా దిక్కు బొక్కెనంటే
తాడు తెగి బాయిల పడేది,
పాతాళగరిగేసి దేవులాడేది.
ఇది సూడబోతే కత్తి తీరు వంగిన చెక్క.
పదును లేదు, ఒర లేదు.
అయినా ముందుగాల దానికి మొక్కాలట.

హిరానో గురువుకు డెబ్బై దాటినయి.
మే నెల ఎండకు మొఖం కమిలింది.
ఉప్మా వద్దని రెండు అరటిపండ్లు తిన్నడు.
ఆయన ఒక్క మాటంటే
కాజీపేట నౌషీన్ దాన్ని నాలుగు చేసి చెప్తది:
"తడిబట్ట పిండినట్టు పట్టుకోండి.
పిండాలె గానీ పిసకొద్దు.
బలమంతా చిటికెన వేలిది.
చూపుడు వేలుకు పని లేదు, ఊకుండమనండి."

ముప్పై ఏండ్ల నా నౌకరీ అంతా చూపుడు వేలే.
పీఈటీ సారును.
నువ్వు, బయటికి రా. నువ్వు, చెయ్యి చాపు.
మెడల విజిలు, చేతుల చింతబరిగె.

జోడీలు కట్టమన్నరు.
నా ఎదురుంగ నిలబడ్డోడు నడుము దాకా వంగిండు.
"ఓదెలును సార్. రేగొండ బడి. తొంభై తొమ్మిది బ్యాచ్."
గడ్డం నెరుస్తుంది. డిపోల మెకానికట.
గుర్తుపట్టినట్టు తలూపిన.
పట్టలే.

కట్టె చేతులకు తీసుకుంటుంటే చూసిన:
ఎడమ చిటికెన వేలు మడత పడతలేదు.
మిగిలినయన్నీ పిడిని చుట్టుకుంటే
అదొక్కటి
హాజరు పలకని పిల్లగాని లెక్క
పక్కకు నిలబడ్డది.

పంద్రాగస్టు రిహార్సలు.
ఎడమ అన్నప్పుడు కుడికాలేసిన పోరడు.
వాన ఆగిన గ్రౌండు,
తడిసి బరువెక్కిన బరిగె.
చాపిన అరచేతిని నేనే తిరగేయమన్న.
గణుపుల మీద.
లెక్క వాడే పెట్టిండు, గట్టిగ,
నేనే పెట్టమంటే.

నౌషీన్ చెప్తనే ఉంది:
"పెద్దోళ్ళే ఓడాలె. పాత పద్ధతి ఇదేనట.
నేర్చినోడు ముందుగాల మీదికొస్తడు,
చోటిస్తడు, దెబ్బకు నిలబడతడు.
నేర్చుకునేటోడు గెలుస్తడు."
మరి గురువుకేం లాభమని ఎవలో అడిగిన్రు.
ఆ ప్రశ్న జపానుకు పోయిందో లేదో,
ఆయన అరటి తొక్కలు మడిచి
సంచిల పెట్టుకుంటున్నడు.

కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఒక్కొక్కటే అలిసి ఆగినయి.
నేను కట్టె ఎత్తిన. వాని మీదికి రెండడుగులేసిన.
వాడు పక్కకు జరిగిండు,
ఈసారి సరైన కాలుతోని.
వాని చెక్క నా నెత్తి మీదికి దిగొచ్చి
నొసటికి బియ్యపు గింజంత దూరంల ఆగింది.

ఆగుడు కాదు.
ఆపిండు.
ఆ వేలు లేకుంటనే ఆపిండు.

దాని నీడ నా ముక్కు మీద సన్నగ పడ్డది.
ఓదెలు కండ్లల్ల నేను దేవులాడింది దొరకలే.
కోపం లేదు, మాఫీ లేదు.
పెదవులు మాత్రం కదులుతున్నయి.
"ఒకటి," అన్నడు.
"ఇరవై సార్లు చేయమన్నరు సార్."

మళ్ళా నా జాగకు నడిచిన.
కాలికంటిన బియ్యం దులుపుకున్న.
పిడి మీద చూపుడు వేలు
ఎంత చెప్పినా బిగుసుకుంటుంటే
రెండో చేత్తోని వదులు చేసి,
"కానీయ్," అన్న.